కాలుష్య నియంత్రణ మండలి

నీరు, గాలి చెడిపోకుండా పరిశ్రమలపై నిఘా పెట్టే చట్టబద్ధ సంస్థ ఇది. కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ దీనికి పునాది 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం. 1981లో వాయు చట్టం తోడైంది. పర్యావరణ పరిరక్షణ చట్టం మాత్రం 1986లో, భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్నాక గానీ రాలేదు.

మండలి చేతిలోని అసలు ఆయుధం అనుమతి. కర్మాగారం కట్టే ముందు ఒకటి, నడిపే ముందు మరొకటి తీసుకోవాలి. షరతులు మీరితే మూసేయమనవచ్చు, కరెంటు, నీళ్లు ఆపించవచ్చు.

ఈ అధికారానికి గట్టి పరీక్ష హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర ఎదురైంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు కూడదని 1996లో 111వ జీవో ఇచ్చింది ప్రభుత్వమే. ఆ పరిధిలోనే ఒక ఆముదం ఉత్పత్తుల కర్మాగారానికి మినహాయింపు ఇచ్చిందీ ప్రభుత్వమే! మండలి ససేమిరా అంది. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. హాని లేదని రుజువు చేయాల్సిన భారం పరిశ్రమదేనని 1999లో కోర్టు తేల్చింది. 2000లో మండలి వాదనే నెగ్గింది. ఇలాంటి చిక్కులకు నిపుణులుండే న్యాయస్థానం కావాలని కూడా 1999 తీర్పు సూచించింది. అలాంటి జాతీయ హరిత ట్రైబ్యునల్ 2010లో ఏర్పడింది.

2020 మే 7న విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోతే, మర్నాడే ట్రైబ్యునల్ తనంతట తానుగా విచారణ చేపట్టి, ఆ కంపెనీని 50 కోట్ల రూపాయలు జమ చేయమంది.

2023 నాటి జన్ విశ్వాస్ చట్టంతో 1986 చట్టం కింద చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష పోయి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా మిగిలింది. పెద్ద కంపెనీకి అది చిల్లర ఖర్చే.