వచ్చిపోయే కరెంటు: మోటార్‌సైకిల్ లోపాల వేటకు ఒక చరిత్ర

మోటార్‌సైకిల్‌లో పూర్తిగా తెగిన తీగను పట్టుకోవడం తేలిక. కాసేపు తెగి కాసేపు కలిసే తీగే మెకానిక్‌ను ఏడిపిస్తుంది. దారిలో మొరాయించిన బండి షెడ్డుకు చేరేసరికి ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. ఈ బెడద మోటార్‌సైకిల్‌కు కరెంటు స్పార్కు వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. దాన్ని పట్టే పద్ధతులు మాత్రం బండి సామాను మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి.

తొలినాటి బండ్లలో చాలావాటికి స్పార్కుకు బ్యాటరీ, కాయిల్ ఆధారం. ఆ బ్యాటరీలు నడిదారిలో నీరసించేవి. 1897లో రాబర్ట్ బాష్ వర్క్‌షాపు ఒక డి డియోన్-బూటన్ మూడు చక్రాల బండికి మాగ్నెటో బిగించింది. 1902లో అదే సంస్థలో గాట్లోబ్ హోనాల్డ్ స్పార్క్ ప్లగ్‌తో పనిచేసే హైటెన్షన్ మాగ్నెటోను రూపొందించాడు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు అక్కడే పుడుతుంది కనుక బ్యాటరీ బాధ తీరింది, ఇంకో బాధ మొదలైంది. మాగ్నెటో చుట్టలకు ఇన్సులేషన్‌గా పూసిన లక్క ఏళ్లు గడిచేకొద్దీ వేడికి మెత్తబడేది. బండి చల్లగా ఉన్నంతసేపూ బాగా నడిచి, ఇంజన్ కాగాక ఆగేది. చల్లారనిస్తే మళ్లీ కదిలేది. వేడికి ఆగి చల్లారాక నడిస్తే అనుమానం చుట్టల మీద, గతుకుకు ఆగి గతుకుకే నడిస్తే అనుమానం తీగల మీద. వేటలో తొలి మెట్టు ఇప్పటికీ ఇదే.

బ్రిటిష్ బండ్లలో చాలావాటికి కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీది. దీపాలు ఆరిపోతుంటాయని ఆ కంపెనీకి ‘చీకటి రాజు’ అని పేరు పెట్టి నవ్వుకునేవారు. ఆ ఎగతాళిలో సగమే న్యాయం. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజన్ల అదురు, రంగు పూసిన ఫ్రేమ్ మీదుగా తిరిగివచ్చే ఎర్త్ కూడా ఆ పాపంలో భాగస్థులే.

ఆ వారసత్వం 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్‌తో మన రోడ్ల మీదికి వచ్చింది. బుల్లెట్ హెడ్‌లైట్ డూమ్ మీద ఉండే అమ్మీటర్‌ను చాలామంది అలంకారం అనుకున్నారు గానీ, తెలిసినవాడికి లోపాన్ని కళ్లకు కట్టే సాధనం అదే. ఇంజన్ ఆపి, హెడ్‌లైట్ వేస్తే ముల్లు మైనస్ వైపు నిలకడగా నిలవాలి. అప్పుడు హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ చివరిదాకా తిప్పి చూస్తారు. ముల్లు ఒక్కసారిగా మైనస్ చివరికి దూకితే తీగ ఎక్కడో ఫ్రేమ్‌కు తగిలి షార్టవుతున్నట్టు. సున్నాకు పడి దీపం ఆరితే తీగ తెగినట్టు. స్టీరింగ్ మెడ దగ్గర తీగ రోజూ వందలసార్లు మడతపడుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు నిక్షేపంగా ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి.

బుల్లెట్, జావా, యెజ్డీ, రాజ్‌దూత్ బండ్లన్నిటికీ దశాబ్దాలపాటు స్పార్కు వేళకు తెరుచుకునే పాయింట్లు, వాటి మధ్య మంట లేవకుండా ఆపే కండెన్సరే దిక్కు. బండి వేడెక్కాక మిస్సింగ్ మొదలైతే మెకానిక్ పాయింట్ల కవరు విప్పి, కిక్కు కొట్టి చూసేవాడు. పాయింట్ల మధ్య చిటపటలాడుతూ పెద్ద స్పార్కు కనిపిస్తే, వాటి ముఖాలు నల్లగా కాలి ఉంటే నేరం కండెన్సర్‌దని తేల్చేవాడు. మంచిదని తెలిసిన కండెన్సర్‌ను పక్కన తగిలించి, మిస్సింగ్ పోయిందా లేదా చూడటంతో రుజువు పూర్తయ్యేది.

కొలిచే సాధనాలు అప్పటికే ఉన్నాయి. బ్రిటన్‌లో ‘ఏవో’ (AVO) మీటర్ 1923లోనే వచ్చింది. వీధి షెడ్లలో మాత్రం రెండు తీగలు అతికించిన బల్బే రాజ్యమేలింది. అది కేవలం పేదరికం వల్ల కాదు. పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటర్ ఓమ్స్‌లో తీగను బాగుందనే చూపుతుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి స్వల్పం. బల్బు గట్టిగా కరెంటు లాగుతుంది కనుక ఆ ఒక్క పోగు బండారం బయటపడుతుంది. మీటరే వాడేవారు దీపం వెలుగుతుండగా తీగ రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. 30 వాట్ల బల్బు 6 వోల్టుల బండిలో 5 ఆంపియర్లు లాగుతుంది. తుప్పుపట్టిన ఒక్క కనెక్టర్ దగ్గర 1 వోల్టు పోయినా ఆరో వంతు నష్టం. 12 వోల్టుల వ్యవస్థలో అంతే తరుగు పన్నెండో వంతు. 12 వోల్టులు వచ్చాక వెలవెలబోయే దీపాల గొడవ తగ్గడానికి ఇదొక కారణం.

1969లో కవాసాకీ హెచ్1 లాంటి బండ్లతో పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ డబ్బాతో స్పార్కు ఇచ్చే సీడీఐ వచ్చింది. మన దేశంలో 1980ల నాటి జపాన్ భాగస్వామ్యపు బండ్ల తరంతో వ్యాపించింది. రాసుకునే పాయింట్లు పోయాయి. వాటితోపాటు కంటికి కనిపించే సాక్ష్యమూ పోయింది. సీల్ చేసిన నల్ల డబ్బాను విప్పలేరు కాబట్టి ఇంకో బండిది తెచ్చి తగిలించి చూడటమే పద్ధతి అయింది. ఇందులో ఒక మోసం ఉంది. డబ్బా మార్చేటప్పుడు సాకెట్ కదిలి, తుప్పు రాలి, బండి బాగుపడుతుంది. మంచి డబ్బా చెత్తలోకి, దాని ఖరీదు బిల్లులోకి పోతాయి. పాతదాన్ని మళ్లీ తగిలించి లోపం తిరిగి వస్తుందో లేదో చూసే మెకానిక్‌నే నమ్మాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో, బండి తన లోపాలను తానే కనిపెట్టే ఓబీడీ తప్పనిసరైంది. ఇంధన ఇంజెక్షన్ బండ్లలో సెన్సార్ తీగ క్షణకాలం తెగినా ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ దాన్ని కోడ్‌గా దాచిపెట్టగలదు. లోపానికి జ్ఞాపకం ఏర్పడటం ఈ చరిత్రలో పెద్ద మలుపే. అయితే కోడ్ లేకుండా ఆగే బండ్లూ ఉన్నాయి: బురదలో తడిసిన సైడ్ స్టాండ్ స్విచ్ గతుకుల్లో ఇంజన్‌ను ఆపేస్తే, స్టాండు దించారనే బండి అనుకుంటుంది. కోడ్ వచ్చినా అది ఏ సర్క్యూటో చెబుతుందే తప్ప తీగ ఎక్కడ తెగిందో చెప్పదు. ఆ చోటు కోసం స్కానర్ పక్కన పెట్టి, ఇంజన్ నడుస్తుండగా వైరింగ్‌ను జానెడు జానెడుగా కదిపి చూడాల్సిందే.