పాత లేత్ విలువ

కొయ్యను తరిమెన పట్టు విద్య మనకు క్రొత్తది కాదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆ విద్యచేతనే రూపొందుచున్నవి. అచ్చట కొయ్య తిరుగుచుండగా ఉలిని పనివాడు చేత పట్టును. అతని చేయియే ప్రమాణము. ఇనుమును అట్లు చేతిబలముతో సరికొలతకు చెక్కుట దుష్కరము. ఒక బోల్టుకు చేసిన నట్టు మరియొక బోల్టుకు పట్టని కాలమది.

ఈ చిక్కును విడదీసినవారిలో హెన్రీ మాడ్‌స్లే ముఖ్యుడు. ఆయన 1771లో ఇంగ్లండునందలి వూల్విచ్‌లో జన్మించెను. తాళముల నిర్మాణమునకు పేరొందిన జోసెఫ్ బ్రామా వద్ద పనిచేయుచు, వారమునకు 30 షిల్లింగులుగా నున్న జీతమును పెంచుమని కోరి, కాదనిపించుకొని, 1797లో లండనున స్వంత కార్ఖానా నెలకొల్పెను. 1800 ప్రాంతమున ఆయన నిర్మించిన మరలు కోయు లేత్ నేటికిని లండను సైన్సు మ్యూజియము సేకరణలో కలదు. ఉలిని పట్టు జారుడు పీఠము, దానిని నడుపు లీడ్ స్క్రూ, వేగము మార్చు పండ్ల చక్రములు విడివిడిగా అంతకుముందే తెలిసినవే. వానిని దృఢమైన లోహపు పట్టెలపై ఒకచో పొందుపరచుట ఆయన ఘనత. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒకే కొలమానమును ప్రతిపాదించెను.

నాటినుండి ప్రమాణము పనివాని చేతినుండి యంత్రపు బెడ్‌కు మారినది. పాత లేత్‌ను బేరమాడునపుడు ఈ సంగతియే మనకు దారి చూపును. పని అంతయు చక్ సమీపమున జరుగును గనుక బెడ్ అచ్చటనే మిక్కిలి అరుగును. టెయిల్‌స్టాకు వైపున అంతగా అరుగదు. క్యారేజి బిగింపును చక్ వద్ద సరిపెట్టి రెండవ కొనకు నడిపి చూతము. అచ్చట పట్టివేసినచో చక్ వైపు అరుగుదల బయటపడినట్లే. పిమ్మట ఒక కడ్డీని రెండు సెంటర్ల నడుమ నిలిపి, పొడవునను ఒక కోత కోయించి, మూడు తావుల మైక్రోమీటరుతో కొలుతము. తేడా ఒక కొననుండి రెండవ కొనకు సమముగా పెరిగినచో టెయిల్‌స్టాకును జరిపి సరిచేయవచ్చును. క్రమము లేని తేడా అయినచో బెడ్‌ను గ్రైండింగ్ చేయింపవలసి రావచ్చును. ఆ వ్యయము యంత్రపు వెలనే మించిపోవచ్చును.

1953లో బెంగుళూరున ఏర్పడిన హిందుస్థాన్ మెషిన్ టూల్స్ మొదట తయారుచేసినది లేత్‌నే. అట్టి పేరుగల యంత్రమైనను పేరుపలకను, క్రొత్త రంగును చూచి వెల కట్టరాదు. పండ్ల చక్రములలో ఎన్ని లోపించినవో, చక్, స్టెడీలు ఉన్నవో లేవో లెక్కించి, మరమ్మతు వ్యయముతో కలిపి, బాగుగా నున్న యంత్రపు వెలనుండి తగ్గింపవలెను.

చిన్న కార్ఖానాదారు అప్పుచేసి కొన్న లేత్‌లో దోషమున్నచో, అది అతడు చేయు ప్రతి వస్తువునందును ప్రతిఫలించును; తిరిగివచ్చిన సరకు నష్టము అతనిదే. కనుక డబ్బు చెల్లించుటకు ముందు, అనుభవముగల టర్నరును వెంటబెట్టుకొని, యంత్రమును నడిపించి చూచుటకు ఒక పూట వెచ్చింతము.