కండెన్సరు కథ

ఫ్యాను నీరసంగా తిరుగుతోందని కబురు చేస్తే ఎలక్ట్రీషియను వచ్చి "కండెన్సరు పోయిందండీ" అని చిన్న డబ్బీ ఒకటి మార్చి వెళతాడు. ఇంజనీర్లు దాన్ని కెపాసిటర్ అంటున్నారు గాని, మన వీధుల్లో నిలిచిన పేరు ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా 1782లో పెట్టినది. సోదర పెన్షనర్లలో చాలామంది నాలాగే ఆర్ట్సు చదివినవారు కనుక, లెక్కల జోలికి ఎక్కువగా పోకుండా దాని పుట్టుపూర్వోత్తరాలు మనవి చేస్తాను.

1745 అక్టోబరులో పొమరేనియాలో ఫాన్ క్లైస్ట్ అనే మతాధికారి, మరుసటి ఏడాది మొదట్లో హాలండులోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రుక్ అనే ఆచార్యుడు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే వస్తువును బయటపెట్టారు. గాజు సీసాలో నీళ్ళు, నీళ్ళలోకి దిగిన తీగ, సీసాను పట్టుకున్న చెయ్యి. అంతే. గాజు గోళాన్ని రాపాడించి పుట్టించిన విద్యుత్తును తీగ ద్వారా సీసాలోకి పంపి, రెండో చేత్తో తీగను ముట్టుకునేసరికి ముషెన్‌బ్రుక్‌కు ఒంటిమీద పిడుగు పడినట్లయింది. ఫ్రాన్సు రాజ్యం మొత్తం రాసిచ్చినా మళ్ళీ ఆ పని చెయ్యనని ఆయన పారిస్‌కు ఉత్తరం రాశాడు. అయినా జనం ఊరుకున్నారా! అదే ఏడు నోలే అనే పండితుడు ఫ్రాన్సు రాజుగారి ఎదుట 180 మంది భటుల్ని చేతులు కలిపి నిలబెట్టి, ఒక్క సీసాతో అందరినీ ఒకేసారి ఎగిరిపడేలా చేశాడు. పైవారి వినోదానికి కింది సిబ్బంది పడే పాట్లు అన్ని దేశాల్లోనూ ఉన్నవేనన్నమాట.

సీసాలో దాగినదేమిటో తరచి చూసినవాడు అమెరికాలో అచ్చాఫీసు నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. సీసాలో కొత్తగా చేరేది ఏమీ లేదు, లోపలివైపు ఎంత జమపడితే వెలుపలివైపు అంత ఖర్చుపడుతుంది, నికరం సున్నా అన్నాడాయన. ప్లస్సు, మైనస్సు ఆయన వాడిన మాటలే. సబ్ ట్రెజరీలో ముప్ఫయ్యేళ్ళు జమాఖర్చులు సరిచూసిన నాకు భౌతికశాస్త్రంలో మొట్టమొదట అర్థమైన సంగతి ఇదే. సీసాలోని నీళ్ళను ఇంకో సీసాలోకి ఒంపి చూస్తే వాటిలో షాకు లేదు. పాత సీసాలో వేరే నీళ్ళు పోస్తే షాకు ఉంది. కనుక మహత్తంతా గాజులోనే ఉందన్నాడు. ఇంతటివాడూ 1750 డిసెంబరులో టర్కీ కోడిని ఈ షాకుతో చంపబోయి, రెండు పెద్ద సీసాల దెబ్బ తానే తిని స్పృహ తప్పాడు.

తర్వాతి అడుగు వేసినవాడు కమ్మరి కొడుకు, బైండింగు పని నేర్చిన మైకేల్ ఫారడే. ప్లస్సుకూ మైనస్సుకూ నడుమ ఉన్న చోటు ఉత్త ఖాళీ కాదు, లాగి కట్టిన రబ్బరులా బిగువుగా ఉంటుందన్నాడు. విద్యుత్ క్షేత్రమంటే అదే. శక్తి నిలవుండేది కూడా ఆ క్షేత్రంలోనేనని తర్వాత మాక్స్‌వెల్ లెక్క కట్టి చెప్పాడు. 1881లో పారిస్ మహాసభలో వోల్టా పేర వోల్టు, ఫారడే పేర ఫారడ్ కొలతలుగా స్థిరపడ్డాయి.

వోల్టేజి అంటే మేడమీది ట్యాంకులో నీటి మట్టం వంటిది. ట్యాంకు వెడల్పే కెపాసిటీ. మట్టం రెండింతలు కావాలంటే నీళ్ళు రెండింతలు తోడాలి, సగటున రెండింతల ఎత్తుకూ ఎక్కించాలి. అందుకే వోల్టేజి రెట్టింపయితే నిలవుండే శక్తి నాలుగింతలవుతుంది. 2.5 మైక్రోఫారడ్ల ఫ్యాను కండెన్సరులో 230 వోల్టుల దగ్గర ఉండేది ఒక జౌలులో పదో వంతైనా కాదు. అదే ఆసుపత్రిలో ఆగిపోబోతున్న గుండెకు ఛాతీ మీద పెట్టి ఇచ్చే షాకు సుమారు 200 జౌళ్ళు, అంటే 20 కిలోల బియ్యం బస్తాను మీటరు ఎత్తు లేపినంత పని. ఆ షాకును తిన్నగా లైను కరెంటు నుంచి కాక కండెన్సరులో నింపి ఇవ్వడం మేలని 1962లో బోస్టన్ వైద్యుడు లౌన్ నిరూపించాడు. తన గురువు గుండె లయ తప్పి మరణించడం చూసిన మిరౌస్కీ అనే వైద్యుడు దాన్ని ఒంట్లో అమర్చేటంత చిన్నది చేయాలని పట్టుబట్టాడు. 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో మొదటి రోగికి అమర్చారు.

అటువంటిది 2019 నుంచి నా ఎడమ భుజం ఎముక కింద ఉంది. లోపలి బ్యాటరీ మూడు వోల్టులు. అవసరమైనప్పుడు పది సెకన్ల లోపల కండెన్సరును 700 వోల్టులు దాటించి నింపుతుంది. తీగ గుండెలోనే ఉంటుంది కనుక 30, 40 జౌళ్ళు చాలు. 2022 వినాయక చవితినాడు పెరట్లో పత్రి కోస్తూ కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఛాతీలో గాడిద తన్నినట్లయింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి లేచి కూర్చున్నాను. ముషెన్‌బ్రుక్ రాజ్యమిచ్చినా రెండోసారి వద్దన్నాడు. నేను మాత్రం అవసరమైతే మళ్ళీ తన్నమనే అంటాను.

ఒక మాట, మనుమలకు చెప్పండి. పాత టీవీ, ఇన్వర్టరు, మైక్రోవేవ్ పొయ్యి వంటివి ప్లగ్గు తీశాక కూడా విప్పకూడదు. కండెన్సరులో నిలవ ఉంటుంది. వాడకుండా చాలాకాలం వదిలేస్తే మాత్రం ఈ రకం కండెన్సరు నింపుకోవడంలో మందగిస్తుందట. అందుకని నా ఛాతీలోనిది కొన్ని నెలలకొకసారి, నాకు తెలియకుండానే, తనంతట తాను నింపి చూసుకుంటుందని డాక్టరుగారు చెప్పారు.