ఊపు

పాల్వంచ దాటాక, భద్రాచలం రోడ్డు మీద ఒక షెడ్డులో విన్న మాట ఇది. ఒక కుర్రాడు తన పాత స్విఫ్టు గేర్‌బాక్సు దింపించి, ఫ్లైవీలును లేతు మీద పెట్టి బరువు తగ్గించమంటున్నాడు. "వద్దు తమ్ముడూ, ఊపు పోద్ది" అన్నాడు మేస్త్రి. "ఊపు రావాలనేగా అన్నా చేయిస్తుంది!" అన్నాడు కుర్రాడు. ఇద్దరిదీ ఒకే మాట. ఇద్దరు చెప్పిందీ నిజమే.

ఊపుకు మూలం ఊగు. ఆగు–ఆపు, రేగు–రేపు, ఊగు–ఊపు: దానంతటది జరిగే పనిని ఒకరు చేయించే పనిగా మార్చే జతలివి. ఫాల్గుణ పున్నమికి భద్రాద్రి రామయ్యకు డోలోత్సవం చేస్తారు. డోల అంటే ఉయ్యాల. చెయ్యి ఇచ్చే విసురు ఒకటి, చెయ్యి తీసేశాక ఉయ్యాలలో మిగిలే కదలిక మరొకటి. తెలుగు రెండింటినీ ఊపే అంది. కుర్రాడు అడిగింది విసురు. మేస్త్రి పోనివ్వనంటున్నది మిగులు.

పాఠ్యపుస్తకాల్లో ఈ చక్రం పేరు గతిపాలక చక్రం, దాని గుణం జడత్వ భ్రామకం. జడుడంటే మందమతి అని వాడుకున్న భాషలో జడత్వం తిట్టులా, ఊపు మెప్పులా వినిపిస్తాయి. చక్రంలో మాత్రం ఆ జడత్వమే ఊపును దాచిపెడుతుంది. జర్మన్లు దీన్ని ష్వుంగ్‌రాడ్ అంటారు. ష్వుంగ్ అంటే అచ్చంగా ఊపే. మనకు ఊపుచక్రం అన్న మాట పుట్టకపోవడం నాకు నిజంగా బాధే.

ఎందుకంటే మన రైతులకు ఆ చక్రం బాగా తెలుసు. కరెంటు మోటార్లు రాకముందు వాగు ఒడ్డున ఆయిలింజన్లుండేవి. ఒక్కటే సిలిండరు, రెండు చుట్లకు ఒక్కసారే మంట. మిగతాదంతా చక్రమే లాక్కుపోవాలి కనక అంత పెద్ద చక్రం. నాన్న సిలిండరులో ఒత్తిడి వదిలే లీవరెత్తి, హ్యాండిలు తగిలించి తిప్పేవాడు. మొదటి చుట్టుకు భుజమంతా పెట్టాలి. చక్రం ఆకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాక లీవరు వదిలితే ఢబ్బుమని అందుకునేది. పత్రికలు వరినాట్లకూ ఎన్నికల ప్రచారానికీ రాసే 'ఊపందుకుంది'ని నేను మొదట అక్కడే కళ్లారా చూశాను.

ఆ కుర్రాడి కారుకు నాలుగు సిలిండర్లు, అరచుట్టుకొక మంట. చిన్న చక్రం చాలు. అయితే ఎంత బరువన్నదానికన్నా ఆ బరువెక్కడుందన్నది ముఖ్యం: కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే జడత్వం నాలుగింతలు. చక్రం తేలికైతే ఇంజను చటుక్కున రేగుతుంది. శక్తేమీ పెరగదు, తనను తాను తిప్పుకునే ఖర్చు తగ్గుతుందంతే. ఆ లాభం మొదటి గేరులోనే ఎక్కువ, ఎందుకంటే గేరు నిష్పత్తి వర్గం లెక్కకొస్తుంది, 3.5 అయితే 12 రెట్లు పైనే. నష్టం కూడా అక్కడే. కొత్తగూడెం దగ్గర బొగ్గు లారీ వెనక పాకేటప్పుడు, మారేడుమిల్లి ఘాటు మలుపులో ఆగి మళ్లీ ఎక్కించేటప్పుడు, క్లచ్ వదలగానే ఇంజను సులువుగా ఆగిపోతుంది. ఐడ్లింగులో బండి వణుకుతుంది. దాన్నీ జనం 'బండి ఊపుతోంది' అనే అంటారు. మిగిలే ఊపు తగ్గితే కుదిపే ఊపు పెరుగుతుంది.

పోత ఇనుము చక్రాన్ని మరీ పలచన చేయడం నేనొప్పుకోను. 6,000 చుట్ల దగ్గర పగిలిందంటే ముక్కలు తొడుగు చీల్చుకుని కాళ్ల మీదికొస్తాయి. అంత తేలిక కావాలనుకుంటే ఉక్కుతో చేసింది కొనుక్కోవాలి.

మేస్త్రి చివరికి చక్రాన్ని బల్ల మీద బోర్లించి, వెనక అంచు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. వేలెడు వెడల్పు కూడా లేదు. "ఇంతవరకే. తీశాక బ్యాలెన్సింగు చేయించాలి." కుర్రాడు దాన్ని రెండు చేతులతో ఎత్తి బరువు చూసుకున్నాడు.

"ఊపు ఉంటదిగా అన్నా?"

"ఉంటది" అన్నాడు మేస్త్రి, సుద్ద జేబులో వేసుకుంటూ.