గ్రీన్‌స్టెడ్ చెక్క చర్చి: చేవ మిగిలిన గోడలు

ఎసెక్స్‌లో కట్టుబడికి పనికొచ్చే రాయి దొరకదు. మా చిప్పింగ్ ఆంగర్ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా బంకమట్టే. అక్కడక్కడా చెకుముకి రాళ్లు తగులుతాయి గానీ వాటితో ఒక మూల కూడా చక్కగా నిలబెట్టడం కష్టం. అందుకే వెయ్యేళ్ల కిందట ఇక్కడ ఇల్లు కట్టాలన్నా, చర్చి కట్టాలన్నా అడవి దారి పట్టాల్సిందే. ఓక్ చెట్లకు కొదవ లేదు. ఎప్పింగ్ అడవి ఇప్పటికీ మాకు దగ్గరే. ఆ ఓక్ మొద్దులతో కట్టిన ఒక చిన్న చర్చి మా ఊరికి పడమటగా మైలు దూరంలో, గ్రీన్‌స్టెడ్ అనే పల్లెలో ఇంకా నిలబడి ఉంది. సెయింట్ ఆండ్రూ పేరుమీద వెలసిన ఆ చర్చిలో ప్రార్థనలు ఇప్పటికీ జరుగుతున్నాయి. యూరప్‌లో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో ఇదే అన్నిటికన్నా పాతదని చాలామంది చెబుతారు. 1972లో బ్రిటన్ తపాలా శాఖ పల్లెటూరి చర్చిల మీద బిళ్లలు వేసినప్పుడు మూడు పెన్నీల బిళ్ల మీద దీని బొమ్మే వేసింది.

మెదక్ చర్చిని చూసిన కళ్లకు ఇది చర్చిలా అనిపించదు. లండన్ నుంచి మా ఇంటికి వచ్చే తెలుగువాళ్లను ఇక్కడికి తీసుకొస్తే ముందు కాస్త నిరాశపడతారు. పడమటి కొసన తెల్ల రంగు పలకలు కొట్టిన చెక్క గోపురం, తూర్పు కొసన ఎర్ర ఇటుక గది, రెంటి మధ్య ముదురు రంగు కర్రగోడ, దానిమీద ఏటవాలుగా దిగిన పెంకుల కప్పు. అంతే. ఆ మధ్యలో ఉన్న కర్రగోడ దగ్గరికి వెళ్లాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

జనం కూర్చునే హాలు సుమారు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. దాని గోడలే పాత గోడలు. ఓక్ మొద్దును నిలువునా రెండుగా చీల్చి, గుండ్రటి వైపు బయటికీ, చదునైన వైపు లోపలికీ పెట్టి, ఒకదాని పక్కన ఒకటి నిలువుగా నిలబెట్టారు. ప్రతి మొద్దు అంచుల్లోనూ పొడుగునా గాడి తీశారు. రెండు మొద్దుల గాడులు కలిసేచోట పైనుంచి కిందికి సన్నటి ఓక్ బద్ద దూర్చారు. కర్ర ఎండాకాలం కుంచించుకుపోయి సందు పడ్డా, ఆ బద్ద గాలినీ వాననూ లోపలికి రానివ్వదు. ఇలాంటి మొద్దులు యాభై చిల్లర మిగిలాయి. బయటినుంచి చూస్తే ఒక్కో మొద్దు ఒక్కో లావు. కొన్ని నిట్టనిలువుగా ఉంటే కొన్ని కాస్త వంకర తిరిగాయి. వంకరను చెక్కేసి సరిచేసే ప్రయత్నం వడ్రంగి చేయలేదు, దానికి సరిపోయే పక్క మొద్దును వెతికి కూర్చాడు. లోపలికి వెళ్లి, కళ్లు మసక వెలుతురుకు అలవాటు పడ్డాక, గోడకు ఆనుకున్నంత దగ్గరగా నిలబడి పక్కవాటుగా చూడండి. బాడిసతో చెక్కిన గుంతలు వరసగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల దెబ్బ లోతుగా పడింది, కొన్నిచోట్ల కర్ర ముడి దగ్గర బాడిస జారింది. ఈ గోడను చెక్కిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. అతని చేతివాటం మాత్రం ఇక్కడ చదవగలిగినంత స్పష్టంగా ఉంది.

మొదట ఈ గోడలకు కిటికీలు లేవు. బరమతో తొలిచిన చిన్న బెజ్జాలే గాలికీ వెలుతురుకీ ఆధారం. కప్పు కూడా అప్పట్లో గడ్డితో నేసిందే. ఆ చీకట్లో దీపాల వెలుగులో లాటిన్ ప్రార్థన వింటూ నిలబడిన రైతుల్ని ఊహించుకోవడం నాకు ఇష్టం. కూర్చోవడానికి బల్లలు అప్పుడు లేవు.

ఎప్పటిది ఈ గోడ? 1960లో బలిపీఠం ఉన్న భాగం కింద తవ్వినప్పుడు ఇంతకన్నా పాత చెక్క కట్టడాల ఆనవాళ్లు రెండు బయటపడ్డాయి. అవి 6, 7 శతాబ్దాల నాటివని తవ్వినవారి అంచనా. అదే రోజుల్లో మొద్దుల్లోని వలయాలు లెక్కపెట్టి గోడను 845 నాటిదన్నారు. చాలాకాలం మా ఊళ్లో అందరూ ఆ మాటే చెప్పుకున్నారు. 1990ల్లో మళ్లీ మరింత మెరుగైన పద్ధతిలో లెక్కపెడితే, మిగిలి ఉన్న చివరి వలయం 1053 నాటిదని తేలింది. ఇక్కడ ఒక చిక్కుంది. చెట్టు నరికిన ఏడాది తెలియాలంటే బెరడు కింది వలయం దాకా ఉండాలి. ఈ మొద్దుల్లో చేవ మిగిలింది గానీ దానిపై ఉండే లేత కర్ర, బెరడు పోయాయి. ఆ లేత కర్రలో ఉండాల్సిన వలయాల కోసం మరో 10 నుంచి 55 ఏళ్లు కలుపుకోవాలి. అలా చూస్తే ఈ చెట్లు కూలింది 1063 తర్వాత, అటూ ఇటుగా 1100 లోపు. నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన 1066 సరిగ్గా ఆ ఎడంలోనే పడుతుంది. పనితనం చూస్తే పాత సాక్సన్ల పద్ధతి. రాజ్యం చేతులు మారినా వడ్రంగులు మారలేదని నా నమ్మకం.

గోడ వయసు ఇలా తగ్గడం కొందరికి బాధ కలిగించింది. నాకు మాత్రం దానివల్ల ఒక పాత కథ తేటపడింది. తూర్పు ఆంగ్లియా రాజు ఎడ్మండ్‌ను 869లో డేన్లు చంపారు. తర్వాత ఆయన్ను పునీతుడిగా కొలిచారు. ఆ డేన్ల దాడుల భయంతోనే ఆయన భౌతికకాయాన్ని లండన్‌కు తరలించి, 1013లో తిరిగి బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణానికి తీసుకెళ్తూ దారిలో ఇక్కడ ఒక రాత్రి ఉంచారని పరంపరగా వస్తున్న మాట. అది నిజమే కావచ్చు. కానీ ఇప్పుడున్న మొద్దులు ఆ రాత్రిని చూడలేదు. 1013లో ఇవి ఇంకా అడవిలో పెరుగుతున్నాయి. ఆ శవపేటికకు నీడనిచ్చింది అంతకుముందున్న కట్టడమై ఉండాలి. అంటే ఈ చోట ఒక చర్చి పోతే ఇంకొకటి, అది పోతే మరొకటి కట్టుకుంటూ వచ్చారన్నమాట.

తర్వాతి తరాలు కూడా ఊరికే కూర్చోలేదు. నార్మన్లు తూర్పు కొసన చెకుముకి రాళ్లతో బలిపీఠం గది కట్టారు. దాని అడుగు వరసలో కొంత ఇంకా ఉంది. 1500 ప్రాంతంలో దాన్ని ఇటుకతో తిరగ్గట్టారు. ట్యూడర్ల కాలంలోనే కప్పులో చిన్న గవాక్షాలు పెట్టి హాలులోకి వెలుతురు తెచ్చారు. గోపురంలో గంట మీద విలియం లాండ్ అనే పనివాడి పేరు, 1618 అనే ఏడాది పోతపోసి ఉన్నాయి. ఉత్తరపు గోడలో ఒక చిన్న బెజ్జం ఉంది. కుష్ఠురోగులు బయట నిలబడి లోపలి ప్రార్థన చూసేందుకు పెట్టిందని గైడ్లు చెబుతారు. అక్కడ ఒకప్పుడు ద్వారం ఉండేదనీ, అది పవిత్రజలం పెట్టుకునే గూడు అయి ఉంటుందనీ ఇంకో వాదన ఉంది. నాకు రెండోదే సబబుగా తోస్తుంది.

ఇక అసలు గొడవకు వస్తాను. 1848, 1849ల్లో చర్చిని బాగుచేశారు. అప్పటికి మొద్దుల అడుగు భాగం కుళ్లిపోయింది. ఆ కుళ్లినంత మేర రంపంతో కోసేశారు. కింద ఇటుకతో పిట్టగోడ లేపి, దానిమీద ఓక్ అడుగుదూలం పరిచి, పొట్టివైన మొద్దుల్ని దానిమీద నిలబెట్టారు. కప్పు, గవాక్షాలు కూడా కొత్తగా కట్టారు. ఆనాటి చర్చి బాగుచేతల మీద కోపంతోనే 1877లో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. పాతదాన్ని కొత్తగా చేయొద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడండి అన్నది వాళ్ల వాదం. గ్రీన్‌స్టెడ్ విషయంలోనూ చరిత్రకారులు ఇప్పటికీ తిడుతుంటారు. మొద్దు నేలను తాకే చోటు పోవడంతో మొదటి వడ్రంగి పునాదిని ఎలా కుదిర్చాడో తెలుసుకునే సాక్ష్యం కూడా పోయిందని వాళ్ల బాధ. ఆ బాధ న్యాయమైనదే.

అయినా ఈ ఒక్క పని విషయంలో నేను రంపం పట్టినవాళ్ల పక్షానే నిలబడతాను. ఎప్పుడూ పొడిగా ఉన్న కర్ర వందల ఏళ్లు నిలుస్తుంది. తడిసి ఆరుతూ, మళ్లీ తడిసి ఆరుతూ ఉండే చోటే బూజు పట్టి తినేస్తుంది. నేలకు దగ్గరగా ఉన్న కొన సరిగ్గా అలాంటి చోటు. పైగా నిలబెట్టిన మొద్దు కోసిన ముఖం నుంచే నీటిని పీలుస్తుంది. బూజు మెత్తబరిచిన ఓక్‌లో డెత్‌వాచ్ పురుగు చేరుతుంది. దాని పిల్లపురుగులు ఏళ్ల తరబడి లోపలే తింటూ ఉంటాయి. గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిళ్లు చూసినవారికి ఈ సంగతి వివరించక్కర్లేదు. టేకు స్తంభాన్ని నేలలో పాతరు, రాతి దిమ్మ మీద నిలబెడతారు, చెమ్మ ఎక్కకుండా, చెద ఎక్కకుండా. 1848లో ఇక్కడ ఇటుకతో చేసింది ఆ పనే. ఆ రోజు అలా కోసి ఉండకపోతే ఈ రోజు మనకు చరిత్రకారుల వాదన మిగిలేది, గోడ మిగిలేది కాదు.

ఆ పని జరిగిన రోజుల్లో రెక్టర్‌గా, అంటే ఈ చర్చి పాస్టరుగా ఉన్నది ఫిలిప్ రే. ఈ చర్చి మీద ఆయన తర్వాత ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. కర్ర మీద ఆయనకున్న దయ మనుషులందరి మీదా ఉందని మాత్రం చెప్పలేను. డోర్సెట్‌లోని టోల్‌పడల్ అనే ఊళ్లో కూలి పెంచమని సంఘం పెట్టుకున్న ఆరుగురు వ్యవసాయ కూలీలకు 1834లో ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపారు. దేశమంతా గగ్గోలెత్తితే 1836లో క్షమాభిక్ష పెట్టారు. వాళ్లలో ఐదుగురికి, జనం ఇచ్చిన చందాలతో, గ్రీన్‌స్టెడ్‌లోనూ పక్కనున్న హై లేవర్‌లోనూ పొలాలు కౌలుకు తీసి ఇచ్చారు. ఇక్కడికి వచ్చాక కూడా వాళ్లు ఊరుకోలేదు, ఓటు హక్కు కోసం చార్టిస్టు సంఘం పెట్టారు. చుట్టుపక్కల భూస్వాములతోపాటు రెక్టర్ గారికీ అది రుచించలేదు. వాళ్లకు వ్యతిరేకంగా గట్టిగానే మాట్లాడారు. ఆ ఐదుగురిలో ఒకడైన జేమ్స్ బ్రైన్ తన తోటి ఖైదీ థామస్ స్టాండ్‌ఫీల్డ్ కూతురు ఎలిజబెత్‌ను 1839లో పెళ్లాడింది ఈ చర్చిలోనే. 1840ల్లో వాళ్లు కెనడా వెళ్లిపోయి ఒంటారియోలో స్థిరపడ్డారు. నా దృష్టిలో ఈ ఊరికి సాక్సన్ మొద్దులు ఎంత గర్వకారణమో ఆ పెళ్లి కూడా అంతే. సందర్శకులకు ముందుగా చూపించేది మొద్దుల్నే, పెళ్లి సంగతి చెప్పేది అడిగితేనే. అది మారాలి.

ఇప్పటి సంగతి. చర్చికి గ్రేడ్ వన్ రక్షణ ఉంది. ప్రతి ఐదేళ్లకు ఆర్కిటెక్టు వచ్చి అంగుళం అంగుళం చూసి నివేదిక ఇవ్వాలి. చిన్న మార్పు చేయాలన్నా చెల్మ్స్‌ఫర్డ్ డయాసిస్ నుంచి ఫాకల్టీ అనే అనుమతి తెచ్చుకోవాలి. ఇంత తతంగం ఎందుకని విసుక్కునేవాళ్లున్నారు. నేను విసుక్కోను. సిమెంటు ఒక్కటి చాలు ఇలాంటి గోడను పాడుచేయడానికి. ఇటుకల సందుల్లో సున్నం ఉంటే లోపలి చెమ్మ దానిగుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు, అది కర్రను వెతుక్కుంటుంది. ఇక నిప్పు. నార్వేలోని బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చెక్క చర్చిని 1992లో తగలబెట్టారు. వందల ఏళ్ల కర్ర ఒక్క పూటలో బూడిదైంది. దాన్ని తిరిగి కట్టారు, కానీ అది కొత్త కర్ర.

మిగతాదంతా చిల్లర పనే. చూరు గొట్టాల్లో ఆకులు పేరుకోకుండా చూడాలి, జారిన పెంకు సరిచేయాలి, పిట్టగోడ దగ్గర మట్టి ఎత్తు పెరగకుండా తీసేయాలి, గోడకు ఆనుకుని తీగలు పాకనివ్వకూడదు. చుట్టూ పెద్ద చెట్లున్నాయి కాబట్టి శరత్కాలంలో గొట్టాల పని తెమలదు. ఒక గొట్టం నిండి పొర్లితే నీళ్లు ఏ మొద్దు మీద కారతాయో ఊళ్లో తెలిసినవాళ్లు వేలెత్తి చూపగలరు. ఇంగ్లండ్‌లో పారిష్ చర్చి మరమ్మతు ఖర్చు ప్రధానంగా ఆ పారిష్ మీదే పడుతుంది. పెద్ద పనికి గ్రాంట్లు దొరకవచ్చు గానీ గొట్టం శుభ్రం చేయడానికి ఎవరూ గ్రాంటు ఇవ్వరు. గ్రీన్‌స్టెడ్ పట్టుమని ఒక వీధి కూడా లేని ఊరు.

ఇక్కడికి రావాలంటే, 1994లో లండన్ ట్యూబ్ ఆంగర్‌కు రావడం మానేసింది కాబట్టి ఎప్పింగ్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. ఆంగర్ నుంచి ఎసెక్స్ వే కాలిబాట నేరుగా చర్చికి తీసుకెళ్తుంది. వచ్చినవారు గోడను కళ్లతో చూడండి, చేత్తో రుద్దకండి. బాడిస గుర్తులు వేలమంది వేళ్లకు అరిగిపోతాయి. విరాళం ఎంత చిన్నదైనా ఇచ్చి వెళ్లండి, వచ్చే నవంబరులో గొట్టాలు ఎక్కడానికి నిచ్చెనా మనిషీ కావాలి.