సకినాలు జేబుల ఏసుకొని మూడు సిన్మలు

ఆ మొద్దు జర అటు జరపుర్రి, పొగ కండ్లల్ల పడుతున్నది. ఆఁ, ఇగ ఇనుండ్రి. మీ నాయిన నన్ను పగటీలి టాకీసుల కూసోబెట్టి, నడిరాత్రి దాటినంక బయటికి తెచ్చిన ముచ్చట.

2003, డిసెంబర్ 16, మంగళారం. అప్పటికి మీ నాయినకు పెండ్లి గాలే, న్యూజెర్సీల నౌకరి. నేను సూసొద్దామని పోయిన. బయట మంచు, ఇంట్ల మాట్లాడేటందుకు మనిషి లేడు. ముందటి రోజు వచ్చి, "బాపూ, రేపు సెలవు పెట్టిన. ఒక్కటే కథ, మూడు సిన్మలు, వరుసగ ఏస్తరు. కూసుంటవా?" అన్నడు. కూసునుడు నాకు చెప్తవా బిడ్డా అన్న. చిందోళ్ల భాగోతం రాత్రి మొదలైతే కోడి కూసేదాక కదలనోన్ని. 1963ల లవకుశ వస్తే బండ్లు కట్టుకొని కరీంనగర్ పోయినం. మూడు గంటలు దాటిన సిన్మ, తెలుగుల మొత్తం రంగులల్ల తీసిన మొదటిది అదే.

ఈ సిన్మల పేరు లార్డ్ ఆఫ్ ది రింగ్స్. టోల్కీన్ అని ఇంగ్లండుల ఓ పెద్ద పంతులు రాసిన కథ. పీటర్ జాక్సన్ న్యూజిలాండుల మూడింటినీ ఒక్కపారే తీసి, ఏడాదికొకటి ఇడిసిండు. మూడోది లోకానికి బుధారం నాడు, మాకు మంగళారం రాత్రి పదింటికే. దానికంటె ముందుగాల మొదటి రెండు. అవి సుత టాకీసులల్ల ఆడినంత కాదు, ఇంకింత పొడుగు చేసినయి. ఒకటి 208 నిమిషాలు, ఇంకోటి 223. మూడోది 200. పదిన్నర గంటలైతది, లెక్కేసుకోండ్రి.

బయటి తిండి తేవద్దని తలుపు కాడ రాసిపెట్టిండ్రు. నాకు ఇంగ్లీషు రాదు గదా! మీ నాయినమ్మ కట్టిచ్చిన సకినాలు కోటు రెండు జేబుల్ల నింపుకొని పోయిన.

లోపల సూస్తె జాతరే. కొనదేలిన చెవులు పెట్టుకున్నోళ్లు, గొంగడి తీరు కప్పుకున్నోళ్లు, అంత చలిల ఉత్తకాళ్లతోని వచ్చినోళ్లు. నా పక్కన కూసున్నోనికి బొడ్డుదాక తెల్లగడ్డం, చేతుల కట్టె. గడ్డం ఎనుక ఇరవై ఏండ్ల పోరడే.

మొదటి సిన్మల గండాల్ఫ్ అని ముసలి మంత్రగాడున్నడు. గుహల అగ్గిభూతంతోని కొట్లాడి, పాతాళంల పడ్డడు. టాకీసంత సప్పుడు లేదు. సరిగ్గ అప్పుడే నేను సకినం కొరికిన. కర్రుమన్నది! ముందు వరుసంత మర్రి సూసింది. మీ నాయిన తల వంచుకున్నడు. గడ్డపోడు మాత్రం మెల్లగ చెయ్యి సాపిండు. ఒకటి పెట్టిన. కొరికితె మళ్ల సప్పుడైతదని పిప్పరమెంటు లెక్క సప్పరిచ్చిండు, పాపం.

నాకైతె ఆ ముసలాయన పోయిండని మనసుల పడ్డది. నా ఈడోడు లేని కథ ఇంకెందుకు అనుకున్న. రెండో సిన్మల తెల్లబట్టలు కట్టి తిరిగొచ్చిండు. గడ్డపోడు నా మోచెయ్యి పొడిచి నవ్విండు.

గొల్లుం అని ఇంకోడు, ఒంటి మీద గుడ్డ సుత సరిగ లేదు. ఆండీ సెర్కిస్ అనే ఆయన ఆడితె, దాని మీద కంప్యూటర్ తోని బొమ్మ గీసిండ్రని మీ నాయిన చెప్పిండు. వాడు ఉంగరం కోసం తనతోని తనే రెండు గొంతులతోని కొట్లాడుతుంటె, చిందోళ్లల్ల ఒక్కడే ఇద్దరి మాట ఆడుడు యాదికొచ్చింది. భాష తెల్వకున్న అదొక్కటి నాకు పూర్తిగ తెలిసింది.

మూడోది మొదలయ్యేసరికి కాళ్లు ఉబ్బినయి. అయినా నిద్ర రాలే. ఆ ఉంగరాన్ని అగ్గిల పారేసేటందుకు బయలెల్లిన పిల్లగాడు ఫ్రోడో, అన్ని కష్టాలు పడి అగ్గికొండ ఎక్కి, పారేయనన్నడు! మన రాముడు ఆఖరికి బాణం ఇడిసినట్టు కాదు ఇది. ఎవ్వలు సంపకుంట ఇడిసిపెట్టిన గొల్లుమే వాని వేలు కొరికి, ఉంగరంతోని లావాల పడ్డడు.

అయిపోయిందనుకుంటె, ఇంకా పట్టాభిషేకం, పెండ్లి, ఓడెక్కి పోవుడు. కొందరు లేస్తున్నరు. మీ నాయిన గడియారం సూస్తున్నడు. "మంగళారతి కాకముందే లేస్తె చిందోళ్లు ఊకుంటరా, కూసో" అన్న. చాన మంది ఆఖరు సాగదీసిండని అంటరట. నాకైతె సరిపోయింది. ఎనుక ఫిబ్రవరిల ఆ మూడోదానికి 11 ఆస్కార్లకు 11 వచ్చినయి.

ఇగో, ఇది అక్కడ అందరికి ఇచ్చింది. ప్లాస్టిక్ పలకల మూడు ఫిలిం ముక్కలు, సిన్మకొకటి. మీ నాయిన చిన్నగున్నప్పుడు టూరింగు టాకీసు ఆపరేటరు పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, అద్దంతోని ఎండ కొట్టి, నీళ్లు నింపిన బల్బు ముంగట పెట్టి చీకటర్రల గోడకు బొమ్మేసేటోడు. ఆ రాత్రి ఒకటిన్నరకు, మంచుల, కార్లు నిలిపే కాడ దీపం కింద ఒక కన్ను మూసి అట్లనే సూసిండు. నాకు చలి పెడుతున్నదన్న ఇనలే.

పట్టుకో, మంట దిక్కు పెట్టి సూడు. మొదటిదాంట్ల గుండ్రటి తలుపు, మూడోదాంట్ల గుర్రాలు. నడుమది నల్లగ ఉన్నది, ఇరవై ఏండ్లయింది నాకు అంతు చిక్కలే. నీ కండ్లు మంచియి గదా, ఏమున్నదో చెప్పు.