విలేఖరుల యెదుట ఎంపికకర్త: ఒక మాట చరిత్ర

గడచిన కాలపు క్రీడాచరిత్రను వ్రాయువారికి దినపత్రికల సంపుటములు ప్రధానాధారములు. ఆటలో ఎవరు గెలిచిరి, ఎన్ని పరుగులు వచ్చినవి అను విషయములలో ఈ ఆధారము చాలవరకు నమ్మదగినది. కాని ఆట ముగిసిన పిమ్మట గాని, జట్టును ప్రకటించిన నాడు గాని, బాధ్యులైనవారు విలేఖరుల యెదుట పలికిన పలుకుల విషయమున మనము మరికొంత జాగ్రత్త వహింపవలసియున్నది. పలికినది ఒక వాక్యము; నిలిచినది ఒక మాట. ఆ రెంటి నడుమ జరిగినదేమో గుర్తింపనిచో, మాటను పట్టి మనిషికి తీర్పు చెప్పు ప్రమాదము కలదు. గుంటూరు గడ్డకు చెందిన ఇద్దరి నడుమ 2019వ సంవత్సరమున పుట్టిన ‘త్రీడీ’ అను మాటను ఉదాహరణముగ గైకొని ఈ విషయమును పరిశీలింప యత్నించితిమి.

ఇట్టి సమావేశముల తీరు ఐరోపా ఫుట్‌బాల్ రంగమున బాగుగ స్థిరపడినది. అచ్చట మేనేజరనగా లెక్కలు చూచు ఉద్యోగి కాడు. ఆటగాండ్రను ఎన్నుకొని, ఆటతీరును నిర్ణయించి, గెలుపోటములకు బాధ్యత వహించువాడు. ఆటకు ముందును వెనుకను విలేఖరుల ప్రశ్నలకు బదులు చెప్పుటయు అతని విధులలో చేరినది. ఓటమి బాధ చల్లారకముందే, ఒక్కొక్కప్పుడు పరాయిభాషలో, అతడు మాటలాడవలసివచ్చును. 1998 మార్చి 10న బయర్న్ మ్యూనిక్ జట్టును నడపుచున్న ఇటలీ దేశస్థుడు జొవాన్నీ త్రపత్తోని, తనకు పూర్తిగ పట్టుబడని జర్మను భాషలో తన ఆటగాండ్రను తీవ్రముగ విమర్శించెను. తాను చెప్పదలచినది ముగిసినదని తెలుపుచు, వ్యాకరణము తప్పి ఆయన పలికిన తుదిమాట జర్మనీలో సామెతవలె వ్యాపించెను. ఆటను గూర్చి ఆయన చూపిన కారణములకంటె ఆ తప్పుమాటయే ఎక్కువకాలము నిలిచెను.

జోసే మోరిన్యో ఉదంతము భాషాధ్యయనపరులకు మరింత ఉపయుక్తము. పోర్టో జట్టును ఐరోపా విజేతగ నిలిపిన పోర్చుగలు దేశస్థుడైన ఈయన, 2004 జూన్ 2న చెల్సీ మేనేజరుగ లండను విలేఖరులను కలిసెను. తన్ను గూర్చి ఆయన చెప్పుకొన్నది ‘విశిష్టులలో నొకడను’ అను అర్థము నిచ్చు మాట. ఆంగ్లమున నామమునకు ముందు నిలుచు ఉపపదము చిన్నదే. కాని పత్రికలు ‘ఎ’ అను దానిని తొలగించి ‘ది’ అను దానిని నిలిపినవి. అంతట ‘విశిష్టులలో నొకడు’ కాస్త ‘ఆ విశిష్టుడు’ ఆయెను. తెలుగున ఇట్టి ఉపపదములు లేకుండుటచే ఈ భేదము మనకు చటుక్కున తోపదు. మొదటి మాటయందు ఆత్మవిశ్వాసము కలదు. రెండవదానియందు తనవంటివాడు వేరొకడు లేడను అతిశయము కలదు. ఈ రెండవ మాటయే బిరుదమై ఆయనకు అంటుకొనెను.

మన దేశమున జనాదరణ క్రికెట్టుది. ఫుట్‌బాల్ మేనేజరు ఒక్కడు వహించు బాధ్యతలు ఈ ఆటయందు పంచబడియున్నవి. తర్ఫీదు కోచిది; మైదానములోని నిర్ణయము కెప్టెనుది; జట్టున ఎవరుండవలెనను నిర్ణయము ఎంపికసంఘముది. ‘ఇతనిని ఏల తీసికొంటిరి? అతనిని ఏల విడిచితిరి?’ అను ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడు ఆ సంఘాధ్యక్షుడు. కావున మేనేజరునకు ఎదురగు ప్రశ్నలలో మిక్కిలి కఠినమైనది ఇచ్చట ఎంపికకర్తకు ఎదురగుచున్నది.

2016 సెప్టెంబరు 21న ఆ పదవి గుంటూరు ప్రాంతీయునకు లభించెను. మన్నవ శ్రీకాంత్ ప్రసాద్, అనగా లోకమునకు తెలిసిన ఎం. ఎస్. కె. ప్రసాద్, గుంటూరునుండి సత్తెనపల్లి పోవు త్రోవలోని మేడికొండూరున 1975లో జన్మించెను. వికెట్ కీపరుగ భారతజట్టు పక్షమున 6 టెస్టులు, 17 ఒకరోజు పందెములు ఆడెను. అంబటి రాయుడు 1985లో గుంటూరున జన్మించి, హైదరాబాదు క్రికెట్టున ఎదిగెను. ఒకరోజు పందెములలో ఇతని లెక్క 55 ఆటలలో 1,694 పరుగులు, సగటు 47.05. బ్యాటింగు వరుసలో నాలుగవ స్థానమునకు రాయుడు తగినవాడని 2018 అక్టోబరులో కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగముగ చెప్పియుండెను. పత్తియు మిరపయు పండు ఈ మైదానపు ఊళ్ళలో తరువాతి వివాదము ఇరుగుపొరుగు ఇండ్ల తగవువలె చెప్పుకొనబడుటకు, ఇరువురును మనవారే యనుట కారణము.

2019 ఏప్రిల్ 15న ముంబయిలో ప్రపంచకప్పునకు పదునేవురి జట్టు ప్రకటింపబడెను. అందు రాయుడు లేడు; తొమ్మిది ఒకరోజు పందెములు మాత్రమే ఆడిన తమిళనాటి విజయ్ శంకర్ కలడు. విలేఖరులు కారణమడిగిరి. ప్రసాద్ ఇచ్చిన వివరణ సారాంశమిది: నడిమివరుసకు పలువురిని పరీక్షించితిమి, రాయుడునకును మరికొన్ని అవకాశముల నిచ్చితిమి, అయితే విజయ్ శంకర్ మూడు విధముల ఉపకరించును, అతడు బ్యాటింగు చేయును, ఆకాశము మబ్బుపట్టియున్నచో బౌలింగు చేయగలడు, ఫీల్డరుగను పనికివచ్చును. ఇచ్చట ఆయన వాడిన ఆంగ్లపదము క్షేత్రగణితమున పొడవు, వెడల్పు, ఎత్తులకు చెల్లునది. ఆయన దానిని ‘ప్రయోజనము’ అను అర్థమున ప్రయోగించెను.

మరునాడు రాయుడు ట్విట్టరునందు, ప్రపంచకప్పును చూచుటకు కొత్త త్రీడీ కండ్లద్దములు పురమాయించితినని వ్రాసెను. మూడు ప్రయోజనములను చెప్పిన పదము ఈ ఒక్క పంక్తిలో చలనచిత్రశాలలోని కండ్లద్దముల పదముగ మారెను. గాయపడినవాడు కోపమును హాస్యముగ మార్చుకొనుట తప్పు కాదు. ఆ చమత్కారమునకు మెచ్చవలసినదే. కాని పిమ్మట ప్రసాద్ వివరణను జ్ఞాపకము చేయు వ్రాతలు తరచుగ ఆ కండ్లద్దములతోడనే దానిని జ్ఞాపకము చేసినవి. ఆ మాటను పలుకనివాడు, దానికి బదులు చెప్పనివాడు అయిన విజయ్ శంకరునకు ‘త్రీడీ ఆటగాడు’ అను పేరు అంటుకొనెను. మా పరిశోధక విద్యార్థులను అడుగగా, ఆ మాట అందరికిని తెలియును. ఆ మూడును ఏవో చెప్పుమన్నచో తడుముకొనిరి.

మాటను విడిచి వాక్యమును పరీక్షించినచో వివాదమున ఇరుపక్షముల బలమును బయటపడును. రాయుడు అప్పుడప్పుడు స్పిన్ బౌలింగు చేయుచుండెడివాడు. అతని బౌలింగుపై సందేహము రాగా, నియమితకాలములో పరీక్షకు హాజరు కానందున 2019 జనవరిలో అంతర్జాతీయ మండలి అతనిని బౌలింగునుండి నిలిపివేసెను. కనుక జట్టు ప్రకటనవేళకు అతడు బ్యాట్స్‌మనుగ మాత్రమే లెక్కకు వచ్చెను. జూన్ 16న మాంచెస్టరులో పాకిస్తానుతో జరిగిన ఆటలో, గాయపడిన భువనేశ్వర్ కుమార్ విడిచిన ఓవరును పూర్తిచేయవచ్చిన విజయ్ శంకర్ మొదటి బంతికే వికెట్టు తీసెను. ప్రసాద్ చెప్పిన రెండవ ప్రయోజనము ఆనాడు ఋజువాయెను.

రెండవపక్షము బలమును చిన్నది కాదు. అవసరమైనపుడు పిలుచుటకు సిద్ధపరచిన జాబితాలో రాయుడు పేరు చేర్చబడెను. అయినను శిఖర్ ధావన్ గాయపడినపుడు రిషభ్ పంత్‌ను, విజయ్ శంకర్ గాయపడినపుడు మయాంక్ అగర్వాల్‌ను పిలిచిరి. జూలై 3న రాయుడు ఆటనుండి విరమించుచున్నట్లు ప్రకటించెను. జూలై 10న న్యూజీలాండు చేతిలో 18 పరుగుల తేడాతో ఓడి భారతజట్టు వెనుదిరిగెను. నాలుగవ స్థానపు ప్రశ్న అప్పటికిని తీరలేదు.

జూలై 21న ప్రసాద్ మరల విలేఖరుల యెదుటకు వచ్చెను. రాయుడు వ్రాసిన పంక్తి సమయోచితముగ నున్నదని, తాను దానిని చూచి ఆనందించితినని చెప్పెను. తాము రాయుడునకు చేసిన సహాయమును కూడ వివరించెను: ఇరువది ఓవర్ల ఆటలోని ప్రతిభను చూచి అతనిని ఒకరోజు జట్టునకు తీసికొన్నపుడు విమర్శ వచ్చినదనియు, దేహదార్ఢ్యపరీక్షలో తప్పినపుడు అతనికి ప్రత్యేకశిక్షణ నిప్పించితిమనియు, జట్టు కూర్పు వలన విడువవలసివచ్చినదే గాని పక్షపాతము లేదనియు తెలిపెను. ప్రారంభ బ్యాట్స్‌మను కావలెనని జట్టు కోరుటచే మయాంక్‌ను పంపితిమనెను. ఈ వివరణ సమ్మతమా కాదా యనుట వేరు విషయము. మొదటి వాక్యమున కొరవడినది ఇచ్చట కలదు. కాని పాఠకుల జ్ఞాపకమున ఏప్రిల్ నాటి మాటయే నిలిచెను.

ఎంపికకర్తలకు ఎదురగు రెండవ ప్రశ్న వారి నిర్ణయమును గాక వారి యోగ్యతను తాకును. ప్రసాద్ సంఘములోని ఐదుగురును కలిసి ఆడిన టెస్టులు 13. ఆ సంవత్సరముననే 125 టెస్టులాడిన సునీల్ గవాస్కర్ తన వ్యాసమున ఈ సంఘమును శక్తిహీనమైనదిగ వర్ణించెను. 46 టెస్టులాడిన ఫరూఖ్ ఇంజనీర్ మరింత పరిహాసముగ మాటలాడెను. ఎక్కువ ఆటలాడుటయే యోగ్యతకు కొలత యైనచో, పదునారేండ్ల టెండూల్కరును 1989లో ఎన్నుకొన్న సంఘమునకు అధ్యక్షుడైన రాజ్‌సింగ్ డుంగార్పూర్ ఒక్క టెస్టును ఆడలేదని ప్రసాద్ సమాధానము చెప్పెను. ఆ కాలమున ఇంగ్లండు ఎంపికకర్తయైన ఎడ్ స్మిత్ ఆడిన టెస్టులు మూడే.

ఫుట్‌బాల్ రంగమునను ఈ ప్రశ్న పాతదే. వృత్తి ఆటగాడు కాని అరిగో సాక్కీ 1987లో మిలాన్ జట్టు బాధ్యతను చేపట్టినపుడు సంశయించినవారికి, రౌతు కావలెనన్నచో ముందు గుఱ్ఱముగ పుట్టనక్కరలేదని ఆయన బదులు చెప్పెననుట ప్రసిద్ధము. ఆ జట్టు 1989, 1990లలో ఐరోపా కప్పు గెలిచెను. మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాల ఉపాధ్యాయుడు. అంతర్జాతీయ ఆటగాడు కాడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణములు గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందెను. ఆడిన ఆటల సంఖ్యను గాక చేసిన పనిని కొలతగ గైకొనుట న్యాయమని ఈ ఉదాహరణములు తెలుపుచున్నవి.

విలేఖరులను నిందించుట మా ఉద్దేశము కాదు. మూసిన తలుపుల వెనుక జరుగు ఎంపికకు కారణము చెప్పుమని నిలదీయువారు వారే. ఆ ప్రశ్న లేకున్నచో రాయుడు గోడు లోకమునకు తెలిసియుండెడిది కాదు. మా విన్నపము పరిశోధకులకు. గుంటూరు మార్కెట్టులో టిక్కీని విప్పి లోపలి కాయను చూడక మిరపకు ధర కట్టరు. పత్రికలోని శీర్షికను ఆధారముగ గొనునపుడును ఆ పద్ధతియే తగును. మొదట అడిగిన ప్రశ్నయేది, రెండవది పలికిన పూర్తివాక్యమేది, మూడవది దానిని కుదించినవారెవరు అని విచారింపవలెను. ఇప్పటి సమావేశములకు దృశ్యముద్రణములు లభించుచున్నవి గనుక ఈ పోలిక కష్టము కాదు. అట్లు పోల్చిన పిమ్మట 2019 ఏప్రిల్ 15 నాటి ఎంపిక పొరపాటని తేలినను తేలవచ్చును. అప్పుడా తీర్పు ప్రసాద్ చేసిన నిర్ణయముపైని ఉండును గాని, ఆయన పలుకని మాటపైని ఉండదు. రాయుడునకు జరిగినది అన్యాయమని తేలినను, దానికి సాక్ష్యము అతని 1,694 పరుగులుగాని కండ్లద్దములు కావు.